ఒరుసుకు పారితేనే

కణాలను పెంచే గదిలోకి కొత్తగా అడుగుపెట్టిన వాళ్లకు సైన్సు కంటే ముందు మర్యాద నేర్పుతారు. ఫ్లాస్కును గట్టిగా కుదపకూడదు. ఇంక్యుబేటర్ తలుపు ధడాలున వెయ్యకూడదు. మీడియం, అంటే కణాలు పెరిగే ద్రవం, మార్చేటప్పుడు పిపెట్ మొన కణాల వైపు తిప్పకూడదు. ఫ్లాస్కును కాస్త వంచి ఎదుటి గోడ మీద పోస్తే ద్రవం మెల్లగా జారి కణాలను చేరుకోవాలి. మా ల్యాబులో సీనియర్ అక్క ఒకావిడ ఉండేది. కొత్త పిల్లల వెనకాల నిలబడి, "నెత్తిన పొయ్యకు, గోడ మీంచి జారనియ్యి" అని రోజూ అంటూనే ఉండేది. ఆమె లేనప్పుడు కూడా ఆ మాట మా చేతుల్లో ఉండేది.

ఆ జాగ్రత్తకు కారణం ఉంది. ఫ్లాస్కు అడుక్కు అంటుకుని పెరిగే కణాలు పిపెట్ ధార సూటిగా తగిలితే ఊడొస్తాయి. ధార పడినచోట గుండ్రటి ఖాళీ మిగులుతుంది. అయితే ఈ మర్యాద వెనక ఒక నమ్మకం కూడా నక్కి ఉంది. కణానికి కదలని ద్రవమే క్షేమం, కదిలే ద్రవం గండం అన్న నమ్మకం. ఒంట్లోకి తొంగిచూస్తే అది ఎక్కడా నిలబడదు.

ఒంట్లో కదలకుండా పడి ఉండే ద్రవం అంటూ దాదాపు లేదు. నెత్తురు సరే. మూత్రపిండాల సన్నటి నాళికల్లో వడకట్టిన ద్రవం పారుతుంది, పేగుల్లో తిన్నది జరుగుతుంది, లింఫు పాకుతుంది. రాయిలా కనిపించే ఎముకలో కూడా మనం అడుగు వేసినప్పుడల్లా కంటికి కనపడని కాలువల్లో ద్రవం అటూ ఇటూ జరుగుతుంది. ఎముకలో బందీలై బతికే కణాలు ఆ కదలికను బట్టే మనం నడుస్తున్నామో, మంచాన పడ్డామో తెలుసుకుంటాయని చాలామంది నమ్మకం. ఇలా పారే ప్రతి ద్రవమూ పక్కనున్న కణాన్ని ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడికి ఇంజనీర్లు పెట్టిన పేరు షియర్ స్ట్రెస్. ల్యాబుల్లో పొట్టిగా షియర్ అంటాం. రక్తపోటు నాళం గోడను బయటికి నెడుతుంది. షియర్ గోడ వెంబడి లాగుతుంది. రెంటికీ పొంతన లేదు. బీపీ చూసుకునే మిషను ఇప్పుడు ఇంటింటా ఉంది. షియర్ ఎంతుందండీ అని డాక్టర్ని అడిగిన మనిషిని మాత్రం నేనింతవరకు చూడలేదు.

మనం కణాలను కదలని ద్రవంలో పెంచడానికి జీవశాస్త్రం కంటే గిన్నెలే ఎక్కువ కారణం. జర్మనీలో రాబర్ట్ కాక్ దగ్గర పనిచేసిన జూలియస్ పెట్రి 1887లో తన పళ్లెపు గాజు గిన్నె గురించి రాశాడు. అది బ్యాక్టీరియాను పెంచడానికి చేసిన గిన్నె. 1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్ప పిండంలోని నాడీ కణజాలాన్ని లింఫు బొట్టులో వేలాడదీసి, దాన్నుంచి నాడీ తంతువు పెరగడం చూపించాడు. ఒక్క బొట్టు, అందులో పారేదేముంటుంది? ద్రవాన్ని కదిలించాలని మొదట్లోనే పట్టుబట్టిన వాళ్లలో బాల్టిమోర్‌కు చెందిన జార్జ్ గై ఒకడు. 1930లలో ఆయన గాజు గొట్టాలను ఒక డ్రమ్ముకు బిగించి, మెల్లగా తిప్పుతూ వాటిలో కణాలు పెంచాడు. తిండీ గాలీ కణాలకు వంతులవారీగా అందాలని ఆయన ఉద్దేశం. 1951లో హెన్రియెటా లాక్స్ కణితి కణాలు, ఇవాళ లోకమంతా హీలా అని పిలిచే కణాలు, అలాంటి తిరిగే గొట్టాల్లోనే పెరిగాయి. ఆ తర్వాత ప్లాస్టిక్ ఫ్లాస్కులు చవకై, పెట్టెలకు పెట్టెలు దిగి, డ్రమ్ములను మూలకు నెట్టేశాయి. చవకగా దొరికేదే పద్ధతిగా స్థిరపడటం సైన్సులో కొత్తేమీ కాదు.

రక్తనాళాల లోపలి గోడకు ఒకే ఒక్క వరస కణాల పొర ఉంటుంది. ఎండోథీలియల్ కణాలంటారు. బతికున్నంతకాలం నెత్తురు ఒరిపిడిని నేరుగా భరించే కణాలు ఇవే. 1973లో న్యూయార్క్‌లో ఎరిక్ జాఫీ బృందం వీటిని బొడ్డుతాడు నుంచి తీసి పెంచే దారి చూపింది. పురుడు అయ్యాక ఆస్పత్రి పారేసేదీ, మన ఊళ్లలో మాయతో పాటు పాతిపెట్టేదీ ఆ బొడ్డుతాడే. దానిలోని పెద్ద సిరలోకి ఎంజైము పంపి, కాసేపు ఉంచి కడిగితే లోపలి కణాలు చేతికొస్తాయి. ఫ్లాస్కులో అవి చక్కగా పెరుగుతాయి. మైక్రోస్కోపు కింద చూస్తే ఏ దిక్కూ లేకుండా, పలు కోణాలతో, ఒకదాన్నొకటి ఆనుకుని పరుచుకుని ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో బొమ్మ అదే.

బతికున్న ధమనిలో అవి అలా ఉండవు. అక్కడ అవి సన్నగా సాగి, నెత్తురు పారే దిక్కుకు వరసగా పడుకుని ఉంటాయి. అది పుట్టుకతో వచ్చిన అమరిక అనుకోవడానికి వీల్లేదని 1972లో ఒక ప్రయోగం తేల్చింది. కుక్క బృహద్ధమనిలో ఒక ముక్క కోసి, తొంభై డిగ్రీలు తిప్పి తిరిగి కుట్టారు. కొద్ది రోజుల్లోనే ఆ ముక్కలోని కణాల కేంద్రకాలు కొత్త దిక్కుకు తిరిగాయి. మరి కుక్క లేకుండా, గుండె లేకుండా, ఉత్త గిన్నెలో తిరుగుతాయా?

1981లో ఎమ్ఐటీకి చెందిన ఫోర్బ్స్ డ్యూయీ, బోస్టన్‌లోని మైకేల్ గింబ్రోన్, పీటర్ డేవీస్, మరో సహచరుడు కలిసి జవాబు చెప్పారు. వాళ్ల పరికరం నాకు చాలా ఇష్టం. గిన్నె అడుగున ఆవు ధమని కణాలు. పైన, మొన అడుగుకు తాకీ తాకనట్టుగా, చాలా పల్చటి వాలు ఉన్న ఒక శంకువు తిరుగుతూ ఉంటుంది. మధ్య నుంచి అంచుకు పోయేకొద్దీ శంకువు వేగం పెరుగుతుంది. అదే లెక్కన అడుగుకూ శంకువుకూ మధ్య ఖాళీ కూడా పెరుగుతుంది. ఒకటి రెండోదాన్ని కొట్టేసి, గిన్నె మొత్తం మీద ఒరిపిడి సమానంగా ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు 8 డైన్‌ల ఒరిపిడి దగ్గర రెండు రోజులు గడిచేసరికి కణాలు సాగి, ప్రవాహం వెంబడి వరసకట్టాయి. గుండె పంపిన హార్మోను లేదు, నరం లేదు. ద్రవం ఒరుసుకుపోవడం ఒక్కటే.

ఎనిమిది డైన్‌లంటే ఎంతో చేత్తో పట్టుకుని చూడొచ్చు. జిరాక్సు షాపులో దొరికే మామూలు ఏ-4 కాగితం, చదరపు మీటరుకు 80 గ్రాముల బరువుండేది, ఒకటి తీసి బల్ల మీద పరవండి. అది బల్ల మీద మోపే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 8 డైన్‌లు. అదే బలాన్ని కిందికి బదులు పక్కకు లాగేలా ఊహించుకుంటే సరిపోతుంది. మన ధమనుల్లో మామూలుగా ఉండే ఒరిపిడి పది నుంచి ఇరవై డైన్‌లు. రెండు కాగితాలు అనుకోండి. సిరల్లో ఒక్క కాగితానికీ తక్కువే. ఇంత చిన్న బలానికి కణం తన ఆకారం, తన లోపలి వెన్నుగర్రల వరస, తను తయారుచేసే ప్రోటీన్ల జాబితా అన్నీ మార్చుకుంటుంది.

ఈ బలం లెక్క వెనక ఉన్నవాడు ఒక వైద్యుడే. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ పోయిజాయ్ 1840లలో సన్నటి గాజు గొట్టాల్లో నీళ్లు పారించి, ప్రవాహం గొట్టం వ్యాసార్ధపు నాలుగో ఘాతంతో మారుతుందని చూపించాడు. దాన్నుంచి వచ్చే ఒరిపిడి లెక్కలో వ్యాసార్ధం మూడో ఘాతంగా కింద కూచుంటుంది. అదే ప్రవాహం సగం ఇరుకైన నాళంలో పోవాల్సి వస్తే ఒరిపిడి ఎనిమిది రెట్లవుతుంది. 1926లో సెసిల్ మర్రే అనే అమెరికన్, నెత్తుర్ని నడపడానికీ నెత్తుర్ని పోషించడానికీ అయ్యే ఖర్చు మొత్తం తక్కువగా ఉండాలంటే నాళాలు ఏ కొలతల్లో చీలాలో కాగితం మీద లెక్కకట్టాడు. ఆ లెక్క ప్రకారం నడిచే చెట్టులో పెద్ద కొమ్మలోనూ చిన్న రెమ్మలోనూ ఒరిపిడి ఒకటే. ధమనులు ఈ లెక్కను ఎంతో కొంత పాటిస్తాయి. ఎవరు కొలిచి పెడుతున్నారు? ఆ ఒంటి వరస కణాలే. ఒరిపిడి పెరిగితే అవి నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి, నాళం చుట్టూ ఉన్న కండరం సడలుతుంది, దారి వెడల్పై ఒరిపిడి మళ్లీ తన మామూలుకు దిగుతుంది.

నైట్రిక్ ఆక్సైడ్ కథలోనూ ఒరిపిడే ఉంది, వేరే రకంది. న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమని ముక్కలకు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఇస్తే ఒకప్పుడు బిగుసుకునేవి, ఒకప్పుడు సడలేవి. ముక్క కోసేటప్పుడు లోపలి పొర రాపిడికి లేచిపోతే బిగుసుకుంటున్నాయని, పొర నిలిచి ఉంటే సడలుతున్నాయని 1980లో ఆయన తేల్చాడు. ఆ పొర ఏదో పంపుతోందన్నది అప్పుడే బయటపడింది. పంపేది నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తెలిసింది. 1998లో ఆయనకూ ఇగ్నారో, మురాద్‌లకూ నోబెల్ వచ్చింది.

ఒరిపిడికి నాళం ఇలా వెడల్పవడాన్ని ల్యాబులో కాకుండా మనుషుల మీద చూడాలంటే ఉద్దానం వైపు వెళ్లాలి. శ్రీకాకుళం జిల్లాలోని ఆ పల్లెల్లో డయాలిసిస్ ఇంటింటి మాట. దాని కోసం మణికట్టు దగ్గర ధమనిని, పక్కనున్న సిరను కలిపి కుడతారు. ఆ అతుకును ఫిస్టులా అంటారు. 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెషియా, సిమినో, వాళ్ల సహచరులు ప్రచురించిన పద్ధతి అది. ఒక్కసారిగా ధమని ప్రవాహం సిర మీద పడుతుంది. సిర దానికి అలవాటైన ఒరిపిడి కంటే ఎన్నో రెట్లు చూసి, కొన్ని వారాల్లో వెడల్పై, గోడ మందమై, లావాటి సూదులు తట్టుకునేలా తయారవుతుంది. దాన్నే ఫిస్టులా "పండటం" అంటారు. చేయి పెట్టి చూస్తే జుమ్మని అదురు తెలుస్తుంది. కొందరికి పండదు, అతుకు దగ్గర సుడులు తిరిగే చోట గోడ లోపలివైపు పెరిగి దారి మూసుకుంటుంది. ఒకే సిరలో, రెండు వేళ్ల దూరంలో, ఒకచోట ప్రవాహం దారి తెరుస్తుంది, ఇంకోచోట మూస్తుంది.

ఈ వైరుధ్యం మీద అరవైల చివర్లో పెద్ద వాదమే నడిచింది. అమెరికాలో డొనాల్డ్ ఫ్రై 1968లో కుక్కల ధమనుల్లో ప్రవాహాన్ని బలవంతంగా ఇరుకు దారుల్లో పంపి, 380 డైన్‌ల దగ్గర లోపలి పొర దెబ్బతింటోందని చూపించాడు. అంటే యాభై కాగితాల కట్ట. ధమనుల్లో కొవ్వు పేరుకోవడానికి అధిక ఒరిపిడి చేసే గాయమే మొదలు కావచ్చన్నది ఆ దారి ఆలోచన. వినగానే ఎవరికైనా నచ్చుతుంది: ఎక్కువ ఒరిస్తే అరుగుతుంది, అరిగినచోట పాచి పడుతుంది. మరుసటి సంవత్సరమే లండన్ ఇంపీరియల్ కాలేజీలో కాలిన్ కారో, సహచరులు పూర్తిగా అడ్డం తిరిగారు. చనిపోయినవాళ్ల ధమనుల్లో కొవ్వు ఎక్కడెక్కడ పేరుకుందో చూస్తే, లెక్క ప్రకారం ఒరిపిడి తక్కువగా ఉండాల్సిన చోట్లే పేరుకుంది. మెడలో ధమని రెండుగా చీలేచోట బయటి గోడ, బృహద్ధమని వంపు లోపలి వైపు. నెత్తురు సూటిగా పోకుండా తచ్చాడే జాగాలు అవి. కారోదే పైచేయి అయింది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే, ఎందుకంటే బలం ఎక్కువైతేనే హాని అని అలవాటుపడ్డ మన ఆలోచనను అది తలకిందులు చేసింది.

అయినా "తక్కువ చెడ్డది, ఎక్కువ మంచిది" అని రాసుకుని పుస్తకం మూసేస్తే మళ్లీ పొరపాటే. 1986లో డేవీస్ బృందం అదే శంకువు పరికరంలో సుడులు తిరిగే ప్రవాహాన్ని పుట్టించింది. సాఫీగా పారే ప్రవాహంలో 8 నుంచి 15 డైన్‌లు కూడా నెమ్మదిగా ఓర్చుకునే కణాలు, సుడుల్లో 1.5 డైన్‌లకే కంగారుపడి డీఎన్ఏ రెట్టింపు చేసుకుంటూ విభజనకు దిగాయి. వరస కట్టనే లేదు. కాగితంలో అయిదో వంతు బరువు! సగటు కొలతలో దాదాపు ఏమీ లేదు. ఉన్నదల్లా దిక్కు తెలియకపోవడం. ఆ తర్వాత ముందుకూ వెనక్కూ ఊగే ప్రవాహంతో చేసిన ఎన్నో ప్రయోగాల్లో ఇదే కనిపించింది. ఒకే దిక్కున పారితే ఎండోథీలియల్ కణం కేఎల్ఎఫ్-2 అనే జన్యు నియంత్రకాన్ని పెంచుకుని, వాపును అణచుకుని, గడ్డకట్టనివ్వని పూత వేసుకుంటుంది. ఊగితే తెల్లకణాలను పిలిచి అంటించుకునే ప్రోటీన్లను గోడ మీదకు తెచ్చి పెడుతుంది. కదలని ఫ్లాస్కులో? అక్కడ కూడా రెండో రకానికి దగ్గరగా, ఏదో జబ్బుకు సిద్ధమవుతున్న కణంలాగే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ఉన్న బొమ్మ ఆరోగ్యవంతమైన కణానిది అనడం నాకు కష్టంగా ఉంటుంది.

కణానికి ఇదంతా ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఉన్నవాటిలో మూడు బాగా నిలబడ్డాయి. కణం పైన ఉండే చక్కెర గొలుసుల పూత ఒకటి. ఎంజైముతో దాని ముఖ్య భాగాన్ని కత్తిరించేస్తే ఒరిపిడికి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ ఆగిపోతుంది. పక్కపక్క కణాలు అతుక్కునే అంచుల్లోని ప్రోటీన్ల గుంపు రెండోది. మూడోది పియెజో-1 అనే ద్వారం. ఆర్డెమ్ పటపూటియన్ ల్యాబు 2010లో దాన్ని కనిపెట్టింది, 2014లో రక్తనాళాల కణాల్లో ఒరిపిడికి అది తెరుచుకుంటుందని తేలింది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఒక అనుమానం. ద్రవం పారినప్పుడు బలం ఒక్కటే రాదు, కొత్త సరుకు కూడా వస్తుంది. కణం చుట్టూ పేరుకున్నది కొట్టుకుపోతుంది, మీడియంలోని పదార్థాలు తాజాగా అందుతాయి. మరి కణం తిరిగింది బలానికా, తిండికా? దీన్ని విడదీయడానికి చేసిన ఉపాయం ఎంత సులువో చూడండి. మీడియంలో డెక్స్‌ట్రాన్ అనే పదార్థం కలిపి చిక్కగా చేస్తారు. ప్రవాహం అంతే ఉంచుతారు. సరుకు అందడం దాదాపు మారదు, ఒరిపిడి మాత్రం చిక్కదనంతో పాటు పెరుగుతుంది. స్పందన దానితో పాటు పెరిగితే బలం, పెరక్కపోతే తిండి. కొన్ని స్పందనలు బలం వెంట నడిచాయి. ప్రవాహం మొదలవగానే కణంలో లేచే కాల్షియంలో కొంత భాగం మాత్రం మీడియంలోని ఏటీపీ అందడం వల్ల వచ్చిందని తేలింది. మంచి ప్రయోగం అంటే నాకు ఇదే గుర్తొస్తుంది; అందులో ఖరీదైనదేమీ లేదు.

ఇక ప్రవాహం ప్రయోగాలు చేసేవాళ్ల కష్టాలు వాళ్లకే ఎరుక. శంకువులు దొరకని చోట రెండు పలకల గది వాడతారు: కింద కణాలున్న గాజు పలక, పైన ఇంకో పలక, మధ్యలో సిలికోన్ గ్యాస్కెట్, ఒకవైపు నుంచి పంపు. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, పావు మిల్లీమీటరు ఎత్తు ఉన్న గదిలో 15 డైన్‌లు రావాలంటే నిమిషానికి 30 మిల్లీలీటర్ల మీడియం పారాలి. ఎత్తు ఈ లెక్కలో వర్గంగా వస్తుంది. కారకుండా ఉండాలని మరలు ఇంకో చుట్టు బిగిస్తే, గ్యాస్కెట్ నలిగి పావు మిల్లీమీటరు కాస్తా 0.2 అవుతుంది, కణాల మీద ఒరిపిడి 15 నుంచి 23కి ఎగబాకుతుంది. నోట్‌బుక్కులో మాత్రం 15 అనే ఉంటుంది. దీనికి తోడు గాలి బుడగ. చల్లటి మీడియం ఇంక్యుబేటర్‌లో వేడెక్కేటప్పుడు పుట్టి, గొట్టం వెంబడి తీరిగ్గా వచ్చి, గదిలోకి దూరి, తన దారిలో ఉన్న కణాలను చీపురుతో ఊడ్చినట్టు తీసుకుపోతుంది. రాత్రంతా పారించిన ప్రయోగం తెల్లారేసరికి ఖాళీ గాజు పలక.

పంపు కూడా అమాయకురాలు కాదు. గొట్టాన్ని నొక్కుతూ తోసే పంపు సాఫీగా తొయ్యదు, దడదడమని తోస్తుంది. ఆ దడ వల్ల తేడా వస్తుందా? 1985లో హ్యూస్టన్‌లో జాన్ ఫ్రాంగోస్ బృందం బొడ్డుతాడు కణాల నుంచి వచ్చే ప్రోస్టాసైక్లిన్‌ను కొలిచింది. నెత్తురు గడ్డకట్టకుండా ఆపే పదార్థం అది. నిలకడ ప్రవాహంలో కంటే గుండెలా కొట్టుకునే ప్రవాహంలో రెట్టింపుకు పైగా, కదలని గిన్నెలో కంటే 16 రెట్లు వచ్చింది. ఏ పంపు వాడారో రాయకుండా డైన్‌ల అంకె ఒక్కటే ఇచ్చే పేపర్ల మీద నాకు గౌరవం తక్కువ. అంతకంటే ఘోరం గిన్నెను షేకర్ మీద పెట్టి గుండ్రంగా ఊపి "షియర్ ఇచ్చాం" అనడం. అంచు దగ్గర కణాలు వరస కడతాయి, మధ్యలోవి కట్టవు. తర్వాత అన్నిటినీ కలిపి గీకి ఒకే ట్యూబులో వేస్తే ఆ సగటు ఎవరిది?

రక్తనాళాల వాళ్లు షియర్‌ను వెతుక్కుంటూ పోతే, మందుల ఫ్యాక్టరీల వాళ్లు దాన్ని చూసి పారిపోయారు. హైదరాబాద్ శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో ఉన్నటువంటి టీకా ఫ్యాక్టరీల్లో కణాలు పెరిగేది పెద్ద పెద్ద స్టీలు ట్యాంకుల్లో. అంత ద్రవంలో ఆక్సిజన్ అందాలంటే మరతో తిప్పాలి, గాలి బుడగలు పంపాలి. జంతు కణానికి మొక్క కణంలా గట్టి గోడ ఉండదు గనక మర రెక్కలు తెగ్గొట్టేస్తాయని ఏళ్ల తరబడి భయపడి, అతి మెల్లగా తిప్పేవాళ్లు. ఎనభైలలో జాగ్రత్తగా చూసేసరికి అసలు దోషి వేరు: బుడగ. కణాలు బుడగకు అంటుకుని పైకి తేలతాయి, పైకొచ్చి బుడగ పగిలినప్పుడు ఆ క్షణంలో పుట్టే ప్రవాహం కణాన్ని చీల్చేస్తుంది. మందు కూడా చవకే. ప్లూరోనిక్ ఎఫ్-68 అనే, సబ్బు జాతికి చెందిన పదార్థం కొంచెం కలిపితే కణాలు బుడగకు అంటుకోవు. రెక్కల మీద ఉన్న నింద చాలావరకు తొలగింది.

చాలావరకే. ఒంటరిగా తేలే కణాల సంగతి అది. కోవాక్సిన్ వైరస్‌ను పెంచిన వీరో కణాల్లాంటివి ఏదో ఒకదానికి అంటుకుంటే గాని పెరగవు. కోతి మూత్రపిండం నుంచి వచ్చిన జాతి అది. కుక్క కాటుకు ఇప్పుడు వేసే టీకాల్లో చాలా వాటికి కూడా అదే ఆధారం. ఇలాంటి కణాల కోసం 1967లో నెదర్లాండ్స్‌లో వాన్ వెజెల్ సన్నటి పూసలు ట్యాంకులో వేసే ఉపాయం కనిపెట్టాడు. ఒంటరి కణం చిన్నది, సుడితో పాటు తనూ తిరిగి తప్పించుకుంటుంది. పూస అంతకు పదింతలు పైనే పెద్దది. సుడి కంటే పెద్దదైనప్పుడు దాంతో పాటు తిరగలేదు, పూసలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి, మీదున్న కణానికి తప్పించుకునే దారి లేదు. ఇక్కడ మరను మెల్లగా తిప్పాలన్న పాత పట్టుదలలో అర్థం ఉంది. మా సీనియర్ అక్క చెప్పిన మాటలోనూ ఉంది.

నాకు ఒళ్లు జలదరించిన ప్రయోగం మాత్రం ఫ్యాక్టరీదీ కాదు, రక్తనాళాలదీ కాదు. మన గుండె ఎడమవైపుకు ఎందుకు ఒరుగుతుంది? ఎలుక పిండం ఇంకా గుండె కూడా ఏర్పడని దశలో, ఒక చిన్న గుంటలో వందల కొద్దీ సన్నటి రోమాలు గిరగిరా తిరుగుతూ ద్రవాన్ని ఎడమవైపుకు తోస్తాయి. జపాన్‌లో షిగెనోరి నోనాకా, నోబుటాకా హిరోకావా బృందం 1998లో ఈ ప్రవాహాన్ని చూసింది. 2002లో నోనాకా, సహచరులు ఎలుక పిండాలను ప్రవాహపు గదిలో పెంచి, పంపుతో ద్రవాన్ని కుడివైపుకు బలంగా పారించారు. పిండాల ఎడమ కుడి తారుమారైంది. రోమాలు కదలని పిండాలకు కూడా బయటి ప్రవాహమే దిక్కు నిర్ణయించింది. జన్యువులన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండగా, గుండె ఏ పక్కన ఉండాలో ల్యాబులో ఒక పంపు చెప్పింది. 2009లో ఇంకో రెండు బృందాలు, గుండె కొట్టుకోవడం మొదలై నెత్తురు పారితేనే పిండంలో నెత్తుటి మూలకణాలు సరిగా పుడతాయని చేపల్లోనూ ఎలుకల్లోనూ చూపించాయి. గుండె ముందు, నెత్తుటి మూలకణం తర్వాత.

ఇవన్నీ ఇప్పుడు చిప్పుల్లోకి, అంటే కణాలు పెంచే సన్నటి కాలువలున్న చిన్న పలకల్లోకి, దిగుతున్నాయి. హార్వర్డ్‌కు చెందిన వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో డొనాల్డ్ ఇంగ్‌బర్ బృందం 2012లో పేగు చిప్పు చేసింది. అందులో వాడిన కాకో-2 కణాలు పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చినవి. మందు పేగులో ఇంకుతుందో లేదో చూడటానికి కంపెనీలన్నీ వాడేవే. మామూలు పద్ధతిలో వాటిని మూడు వారాలు పెంచితే చదునైన పొర వస్తుంది. చిప్పులో గంటకు 30 మైక్రోలీటర్ల ప్రవాహం, 0.02 డైన్‌ల ఒరిపిడి, దాంతోపాటు పేగు కదలికలా లయగా సాగదీయడం. కొద్ది రోజుల్లోనే ఆ క్యాన్సర్ కణాలు పేగులో ఉండే వేళ్లలాంటి మడతలు లేపాయి. మన దేశంలోనూ 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించి, జంతువుల మీద పరీక్షలకు బదులుగా ఇలాంటి చిప్పుల ఫలితాలనూ చూపించడానికి వీలు కల్పించారు. హైదరాబాద్ సీసీఎంబీలోనూ ఈ తరహా పని నడుస్తోంది. రేపు ఒక మందు మీ చేతికి రావాలా వద్దా అన్నది కొంతవరకు ఒక పంపు ఎంత నిజాయితీగా తిరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది.

అందుకే ఒక విన్నపం. "ప్రయోగశాలలో మానవ కణాలపై అద్భుత ఫలితం" అని పేపర్లో చదివినప్పుడు సంతోషించేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఆ కణాల మీద ద్రవం పారుతోందా, నిలిచి ఉందా? పారుతుంటే ఎటు, ఎంత, సాఫీగానా, ఊగుతూనా? రక్తనాళాల మీద, మూత్రపిండాల మీద, పేగుల మీద పనిచేసే మందు అయితే ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఇక ఈ రంగంలోకి వస్తున్న పిల్లలకు: గ్యాస్కెట్ బిగించాక గది ఎత్తు మళ్లీ కొలవండి, కొలిచిన అంకెనే రాయండి.